ఒక్క మెట్టు

పైకప్పు దాకా నూట ముప్పై మెట్లన్నాడు గైడు.
అందరూ ఎక్కారు, మా ఆయనతో సహా,
టోపీలు సర్దుకుని, నీళ్ల సీసాలు చంకన పెట్టుకుని.
మోకాలు నాది, నిర్ణయమూ నాదే.
కింద ఉండిపోయాను.

బయట అలెంతేజు ఎండ
సున్నపు గోడల మీద పడి కళ్లలోకి తిరగబడుతోంది.
లోపల మాత్రం ఎనిమిది వందల ఏళ్ల చల్లదనం,
కుండ అడుగున ఉండే రకం.
బంగారు రేకుల బలిపీఠం, ముత్యాల కిరీటం,
గాజుపెట్టెలో ఏ పుణ్యాత్ముడిదో వేలి ఎముక.
టికెట్టు మీద రాసినవన్నీ వరసగా చూశాను,
ఇచ్చిన డబ్బుకు సరిపడా.

అప్పుడు వినిపించింది.
కూ...
ఒకటే స్వరం. ఆగదు. పాటగా మారదు.
కాసేపు వణికి, కాస్త నిలదొక్కుకుని
మళ్లీ అదే కూ.

పక్క గూట్లో బీరువా అంత ఆర్గాన్.
తెరిచిన తలుపుల్లోంచి
రెండు బూట్ల అడుగులు మాత్రం బయటికొచ్చి ఉన్నాయి,
ఈమధ్యే అతుకులేయించినవి.
మిగతా మనిషి గొట్టాల మధ్య ఎక్కడో.
ముందు పీట మీద ఒక పెద్దావిడ,
నల్ల గౌను, చేతికి మగవాళ్ల గడియారం.
హార్మోనియానికి లాగే దానికీ మెట్లు.
ఒక మెట్టు నొక్కి పట్టుకుని
పొయ్యి మీద పాలు కాసే ముఖంతో కూర్చుంది.

"ఔత్రా" అంటుంది బీరువా.
ఆవిడ పక్క మెట్టుకు జరుగుతుంది.
"నౌం" అంటుంది బీరువా.
వెనక్కొస్తుంది.

వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి.
నేను చూడటం చూసింది.
పోర్చుగీసులో పొడుగాటి వాక్యం ఒకటి చెప్పింది,
అందులో నాకు దొరికింది కాఫీ ఒక్కటే.
లేచి, నా చూపుడువేలు పట్టుకుని మెట్టు మీద పెట్టి
పక్కింట్లో పిల్లాణ్ని దింపినట్టు
దింపి వెళ్లిపోయింది.

నొక్కాను.
ఎముకతో చేసిన మెట్టు, మధ్యలో చిన్న గుంట.
ఎవరెవరి వేళ్లు అరగదీశాయో,
నా వేలూ అందులో పట్టింది.

గాలి గొట్టమెక్కి, స్తంభాలెక్కి,
నేనెక్కనని చెప్పిన ఎత్తంతా ఎక్కి
అక్కడే ఉండిపోయింది.

చిన్నప్పుడు సంగీతం మాస్టారు
శ్రుతిపెట్టె తీసి అలా వదిలేసేవారు.
పదకొండేళ్లు దాని మీద నిలబడి పాడాను.
దాన్ని మాత్రం
ఒక్కనాడూ విన్నట్టు గుర్తులేదు.

ఔత్రా. జరిగాను.
నౌం. వెనక్కొచ్చాను.
ఈసారి ఆలస్యమైందేమో,
"ఎర్మెలిందా?" అని పిలిచింది బీరువా.

ఏం చెప్పను?
అతని భాషలో నాకొచ్చిన మాటలు రెండే:
కాదు, ఇంకోటి.
రెండోది చెప్పాను.
ఆ మాట ఆడమనిషికీ చెల్లుతుందట, తర్వాత తెలిసింది.

బూట్లు కాసేపు కదల్లేదు.
ఆ తర్వాత గొట్టాలన్నిటి వెనక నుంచీ
దగ్గూ నవ్వూ కలిసిందేదో వచ్చింది,
దుమ్ముతో సహా.

ఎర్మెలిందా కాఫీ వాసనతో తిరిగొచ్చి
సగం విరిచిన బాదం బిళ్ల నా చేతిలో పెట్టింది.
తన పీట తను తీసుకుంది.
థాంక్స్ అనే మాట ఇద్దరికీ తోచలేదు.

మావాళ్లు దిగారు, ముఖాలు కందిపోయి,
ఫోన్ల నిండా కొంగల గూళ్లు.
"పైన ఒకటే కూత,
చెవులు చిల్లులు పడ్డాయి,
ఎవరో గాని ఆపరే" అన్నారు మా ఆయన.

నేను వేలు జేబులో పెట్టుకున్నాను.