పురికొస

రిగ్గు లారీ అమ్మేశాను.
తిరుచెంగోడు నుంచి వచ్చిన పళనిసామి
ఎద్దును కొన్నవాడిలా బానెట్ నిమిరి,
యాభై తొమ్మిది లక్షలు ఖాతాలో వేసి తోలుకుపోయాడు.
ఇరవై ఆరేళ్ల తర్వాత మొదటిసారి
నా చెవుల్లో కంప్రెసర్ లేదు.

ఆ నిశ్శబ్దం బ్రోకర్లకు ఎట్లా వినిపించిందో!

నంజుండప్ప దేవనహళ్లి పటం పరిచాడు.
"విమానాల పక్కన సైటు అన్నా, ముప్పై నలభై.
ఐదేళ్లు కళ్లు మూసుకో, తెరిచేసరికి రెండింతలు."
నేను నా పాత నోటుబుక్కు పరిచాను.
డీజిలు మరకల కింద ఆ లేఅవుటు పేజీ:
పదమూడు వందల యాభై అడుగులు. పొడి.
పక్క సైటు, పద్నాలుగు వందలు. పొడి.
ఆ తెల్లటి రాతిపిండికి మూడు రోజులు దగ్గాను.
"నీళ్లతో నీకేం పని, కాపురముంటావా ఏంది?
అమ్ముకునేదే కదా."
నిజమే. నా దగ్గర కొనేవాడూ అమ్ముకునేవాడే,
వాడి దగ్గర కొనేవాడూ అమ్ముకునేవాడే.
ఆ వరసలో ఆఖరున ఎవడో ఒకడు
ఖాళీ బిందెతో నిలబడి ఉంటాడు.
పటం మడిచి ఇచ్చాను.

మేనల్లుడు హేమాద్రి లాప్‌టాప్ తెచ్చాడు.
"డబ్బును కూర్చోబెట్టకూడదు మామా, పని చేయించాలి."
వైట్‌ఫీల్డులో అద్దాల ఆఫీసు, ఆరో అంతస్తు,
అందులో అరవయ్యో వంతు నాదవుతుందట.
ఏది నాది? కిటికీనా? లిఫ్టు ముందు పూలకుండీనా?
"ఏదీ కాదు మామా. శాతం."
ఏడాదికి ఎనిమిదిన్నర.
నవ్వుకున్నాను గానీ, అబద్ధమెందుకు,
మూడు రాత్రులు ఆ ఎనిమిదిన్నర
దోమలా చెవి దగ్గరే తిరిగింది.

మహదేవపుర పీజీ సంగతి మా రంగనాయకి తేల్చేసింది.
నలభై మంచాలు, సగం లోను.
క్యాలెండరు వెనక పెన్సిలుతో లెక్క వేసి,
"నీళ్ల ట్యాంకర్లకే ముప్పై ఐదు వేలు పోతాయి,
మనం వాళ్ల కోసమా కొనేది?" అంది.

కె.ఆర్.పురంలో, రైలు పట్టాల వెనక ఒక సందు.
నాలుగు వాటాల పాత వఠారం, రేకుల కప్పు,
ఒక్కో వాటా అద్దె ఆరున్నర వేలు.
రెండు వేల నాలుగులో నా లారీ ఆ సందులో తిరగలేక
గోడ గీసుకుపోయింది.
ఆ గీత ఇంకా ఉంది, పైన సున్నం వేసినా.
నలభై తొమ్మిది లక్షలు చెప్పారు.
హేమాద్రి పెదవి విరిచాడు: "ఆరు శాతం చిల్లర, అంతే."

బోరు మూత తీసి,
పురికొసకు నట్టు కట్టి వదిలాను.
అప్పట్లో పదకొండో బారకే నీళ్లు తగిలాయి.
పదకొండు. పద్దెనిమిది. ఇరవై ఐదు.
కొస నా వేళ్ల మధ్య పొడిగా జారుతూనే ఉంది.
ముప్పై ఒకటో బారకు నట్టు తేలికైంది.

ఇరవై ఏళ్లకు ఇరవై బారలు దిగింది.
అడుగుకు ఇంకో పన్నెండే ఉన్నాయి.
నాకు యాభై ఎనిమిది. సరిపోతాయిలే
అనుకుంటూ కొస చుట్టుకుంటున్నాను.
మూడో వాటా పిల్ల, కొళాయి కింద
బూట్లు కడుక్కుంటూ అడిగింది:
"మీరు ఈ బోరు డాక్టరా?"

అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.
మిగిలిన పదిలో రిజిస్ట్రేషనుకు పోగా ఉన్నదంతా
రేకులు తీసి గచ్చు కప్పు వెయ్యడానికి,
ఆ కప్పు మీద పడ్డ వానను గొట్టంలో దించి
బోరు చుట్టూ గుంతలోకి ఇంకించడానికి.
అద్దె పైసా పెంచని ఖర్చు.

హేమాద్రి పట్టికలో ఆ గుంత దగ్గర ఆగిపోయాడు.
"ఇది ఖర్చులో రాయాలా మామా, పెట్టుబడిలోనా?"
నా అరచేతిలో పురికొస ఇంకా ఆరలేదు.
ఇప్పటికి పెన్సిలుతో రాయమన్నాను.