మీది దిక్కు

కింద బ్యారేజి గేట్లు దించిన్రని
పొద్దుగూకంగ ఫోనచ్చింది.
తెల్లారేసరికి ఉసికె దిబ్బ మునుగుతదట.
మునిగితే మాకేం, అనేటోన్నే నేను
రెండేండ్ల కింద.

అప్పుడు నా వల చింపిందని
మొండితోకది పెట్టిన గుడ్లను
తెడ్డుతోని పలగ్గొట్టిన.
ఒక్కో గుడ్డు పగిలిన సప్పుడు
నానిన అట్టపెట్టె చిరిగినట్టుండె.
గీ ఖాకీ అంగీ, నెలకు ఇంతని కూలి,
లెక్కలు రాసే రిజిస్టరు
ఆ తర్వాతి సంగతి.
దొంగకే కావలి కొలువు దొరికిందని
రేవంత నవ్వింది. నేనూ నవ్విన.

ఫారెస్టు సారు మంథనిల ఉన్నడు, జీపు పంచరట.
ఓదెలు తెప్ప తెచ్చిండు.
ఎనభై ఏండ్ల ఎల్లవ్వను మంచంల నుంచి లేపుకచ్చినం,
ఊర్ల సగం మందిని కడుపులకెల్లి
బయటికి తీసిన చేతులు ఆమెవి.
"తిప్పకున్రి" అన్నది మొదటి మాటనే.
"ఏ దిక్కు మీదికుందో గదే దిక్కు ఉండాలె.
బోర్లిస్తే లోపటి పసిది మునుగుతది."
మొసలి గుడ్ల ముచ్చట ఎల్లవ్వకెట్ల ఎరుక?
నేనడుగలె, ఆమె చెప్పలె.
సారు ట్రైనింగుల గదే చెప్పిండు,
తెర మీద బొమ్మలు చూపిచ్చుకుంట, రెండు గంటలు.

ఆరో తరగతి శృతిక మోకాళ్ల మీద వంగి
ఒక్కో గుడ్డుకు పెన్సిలుతోని గీత పెట్టింది.
ముప్పై ఒక్క గీతలు.
గంపల్ల తడి ఉసికె పరిచి,
గీతలను చుక్కల దిక్కే ఉంచి,
నిండు బిందె మోసినట్టు నడిచినం.

నీళ్లల్ల రెండు ఎర్ర నిప్పులు.
బ్యాటరీ లైటు పడ్డప్పుడల్ల అంటుకుంటయి,
పక్కకు తిప్పితే ఆరుతయి.
అది కదలలె.
ఓదెలు వెదురుబొంగు పట్టుకొని నిలవడ్డడు,
కాళ్లు వణుకుతున్నయని చలిని తిట్టిండు.
ఎండకాలం రాత్రి ఏం చలి.

లచ్చక్క అస్తదనుకోలె.
పోయిన వానకాలం ఆమె మేకను
రేవు కాడ గుంజుకపోయింది గిదే.
పైసల కోసం పెట్టిన కాగితం
ఏ టేబుల్ మీద పండుకున్నదో ఎవ్వలకు తెల్వది.
అచ్చింది. గంపెత్తింది.
"దీని నోట్ల మన్నువడ, దీని వంశం మీద పిడుగువడ" అని
అడుగడుగుకు తిట్టుకుంటనే
అందరికంటె మెల్లగ నడిచింది.

మిట్ట మీద మూరెడు లోతు గుంత.
అదే వరుస, అవే గీతలు మీదికి.
తెల్లారేసరికి దిబ్బ లేదు.
లారీలు తోడుకపోయిన బొందలను గూడ
నీళ్ల కింద దాసుకున్నది గోదారి.

ఇరువై రెండు రోజులు
ఎల్లవ్వ కట్టె పట్టుకొని అచ్చి
ఉసికెకు చెవి ఆనిచ్చేది.
"ఇంక లేదు" అనేది, పోయేది.
ఆ పొద్దు పోలె.
పెదవుల మీద వేలు పెట్టుకున్నది.
నేను గూడ చెవి ఆనిచ్చిన.
గొంతుల నీళ్లు అడ్డంపడ్డట్టు
లోపట ఒక కూత,
దానికి జవాబు ఇంకొకటి.

మేం ఎనుకకు జరిగినం. చానా దూరం.
తావు మార్చినం గదా, అస్తదా.
అచ్చింది. ఆ మొండితోకను ఈడ్చుకుంట మిట్టెక్కింది.
తవ్వింది.
మేక బొక్కలు విరిచిన గదే నోట్ల
పిల్లలను పెట్టుకొని నీళ్లకు దిగింది,
ఒక్కదానికి పన్ను గీరుకోలె.

రిజిస్టరు తీసి రాసిన:
పిల్లలు ఇరువై ఏడు. పలుకని గుడ్లు నాలుగు.
వాటి మీద పెన్సిలు గీత ఇంకా చెరగలె.

లచ్చక్క నా భుజం మీదికెల్లి తొంగిచూసింది.
సదువు రాదామెకు.
"నా మేకను యాడ రాసినవ్?" అన్నది.
గీసిన గడులల్ల మేకకు గడి లేదు.
కొత్త పేజీ తిప్పిన.
"ఏ రంగుది?" అని అడిగిన.
లచ్చక్క కొంగు దులుపుకొని
ఉసికెల సాపుగ కూసున్నది,
చెప్పుడు మొదలువెట్టింది.