ఎడమ చెయ్యి, ఇరవై నాలుగు అంగుళాలు

నేను మొదట చదివిన సాహస కథ
చొక్కా చెయ్యి ఆకారంలో ఉండేది.

ముహర్రఖ్‌లో, పాత బజారు వెనక సందులో
నాయిన కుట్టు దుకాణం.
జగిత్యాల నుంచి దిగిన వాళ్ళెవరైనా
అప్పడాలు చుట్టి తెచ్చే వారపత్రికలు
అమ్మ చదివాక కత్తెర కిందికి వచ్చేవి.
తోబులకు నమూనాలు కావాలి మరి.
రెండేసి పేజీలు మైదా జిగురుతో అతికి
సుద్దతో గీత గీసి
కరకర కోసేవాడు నాయిన,
సీరియల్ నడుం మీదుగా.

తాడు పట్టుకుని బావిలోకి దిగే వీరుడు
చంక దగ్గర ఆగిపోయేవాడు.
తాడు తెగింది, కింద చీకట్లో రెండు కళ్ళు...
అక్కడ మెడ గుండ్రం.
మిగతా వాక్యం చెత్తబుట్టలో,
దారప్పోగుల్లో, విరిగిన సూదుల్లో.
చాలాసార్లు వెతికాను. ఒకసారి వేల్లో సూది దిగింది.
ఆ కళ్ళు ఎవరివో ఇప్పటికీ తెలీదు.

నమూనాలన్నీ గోడ మేకుకు వేలాడేవి
ఎర్ర పెన్సిల్‌తో పేర్లు రాసి.
నా గ్రంథాలయంలో పుస్తకాలకు పేర్లుండవు,
గిరాకీలకే ఉంటాయి.
లంకెబిందెల గుహ చేపల మన్సూర్ వీపు మీద.
ఓడ మునిగింది బ్యాంకు గుమాస్తా కాలర్లో.
ఇక ఎడారి దొంగల నాయకుడు,
గుబురు గడ్డం, మొలలో వంకీ కత్తి,
గుక్కెడు నీళ్ళడిగిన బాటసారిని
నవ్వుతూ నరికేవాడు,
బూ రాషిద్ ఎడమ చేతిలో ఉండేవాడు.

రాసినాయన ఎడారి చూసి ఉండడు.
గుర్రాలను ఇసుకలో నాలుగు రోజులు ఆపకుండా ఉరికించాడు.
రాత్రిళ్ళు చలి పెట్టడం మరిచిపోయాడు.
నాకవన్నీ తెలుసు, ఎనిమిదేళ్ళకే.
దొంగను మాత్రం నమ్మాను.
బూ రాషిద్ గడప తొక్కితే
గుండీల డబ్బాతో సహా బల్ల కిందికి దూరి
ఆయన మొలకేసి చూసేదాన్ని.

ఒకనాడు తోబు తొడిగి చూసుకుంటూ
పాతదాని జేబు బల్ల మీద కుమ్మరించాడు.
నాలుగు యాలకులు, తస్బీ,
మూత పోయిన కంటిచుక్కల మందు.
కత్తి లేదు.
ఇంకోసారి చూశాను.

ఏం చదువుతున్నావని వంగాడు,
కుడి చెవి నా వైపు తిప్పి.
ఎడమది పద్నాలుగో ఏట
ముత్యాల పడవ మీంచి దూకినప్పుడు
సముద్రానికి ఇచ్చేశాడట.

మా వీరుడు నీళ్ళ కింద అరగంట ఉంటాడని
వచ్చీరాని హిందీలో చెప్పాను.
ఆయన నవ్వలేదు. తస్బీ నా చేతిలో పెట్టి
ఊపిరి బిగపట్టి ఒక్కో పూసా జరపమన్నాడు.
పదిహేడుకి చెవుల్లో డప్పులు.
పందొమ్మిదికి నోరు తెరిచాను.
"నేను ఎనభై" అన్నాడు.
"అప్పుడు తాడు కదిపితే పైనున్నవాడు లాగాలి.
వాడు కునుకు తీయకుండా ఉండాలి. అంతే సాహసం."
నాయిన మిషన్ ఆపి ఆయనకు చాయ్ పోశాడు.

ఆ సాయంత్రం ఎర్ర పెన్సిల్ తీసుకుని
'నవ్వుతూ నరికేవాడు' అడ్డంగా కొట్టేశాను.
పైన రాశాను:
నీళ్ళిచ్చి, కుడి చెవి తిప్పి వినేవాడు.

ఏడు నవలలు అచ్చయ్యాయి నావి.
వాక్యాలు మధ్యలో ఎందుకు ఆగుతాయని
ప్రూఫులు దిద్దే గిరిజాపతిగారు ప్రతిసారీ అడుగుతారు.
చంక దగ్గరండీ అనలేను కదా.

నేను కొట్టేసిన ఎర్ర గీతను
నాయిన కొత్త కొలత అనుకున్నాడు.
అక్కడికే కోశాడు బట్ట.
ఆ రంజాన్ పండక్కి బూ రాషిద్
మణికట్టు పైకి ఎగబాకిన ఎడమ చేత్తో
సందంతా తిరిగాడు, అందరికీ చూపిస్తూ,
ఇది ఈ పిల్ల రాసింది అని.