మోరీ లెక్క

పొద్దుగాల ఏడింటికే సంచి భుజానేసుకొని
మా వార్డు సందుల్ల దిగుత.
పిల్లలు నన్ను చెత్త మేడం అంటరు.
కుక్కలు ఎన్నడో మొరుగుడు మానేసినయ్.

సంచిల రిజిస్టరు, రెండు పెన్నులు,
బకీట్ల బొమ్మలున్న కాయితాలు:
ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి.
ఈ మాట ఎన్నిసార్లన్ననో,
నిద్రల సుత అంటున్ననట,
మా ఇంటాయన చెప్పిండు.

తలుపు తీస్తరు, సరే సరే అంటరు,
కాయితం నాలుగు మడతలు పెట్టి
కాలు ఊగే కుర్చీ కింద దోపుతరు.
నాగలత నీలం బకీట్ల బియ్యం పోసుకున్నది.
"గంత మంచి బకీట్ల చెత్తెట్ల ఏస్తం మేడం?"
ఏమనాలె? నాకూ నిజమే అనిపించింది.
"వాడుకలో ఉన్నది" అని రాసుకొని ముందుకు నడిచిన.

లెక్చరర్ విష్ణుకాంత్ సారింట్ల
అన్నీ సక్కగనే ఉన్నయ్.
తడి తడే, పొడి పొడే.
దేవుని పటమంత ఎత్తున గోడకు ఫిల్టరు,
దాని కిందికెళ్లి సన్న పైపు,
కిటికీ సందుల నుంచి మోరీలకు
రోజంతా పడుతున్నది
ఎవ్వలూ వినని ముచ్చట లెక్క.

గివెన్ని నీళ్లు సార్, అని అడిగిన.
"నల్లగొండ నీళ్లమ్మా, ఫిల్టరు లేకుంటె ఎట్ల?"
కాదనను.
ఈ దిక్కు నీళ్లను నమ్మినోళ్ల బొక్కలు
మాకందరికీ ఎరుకే.

బిందె అడిగి పైపు కింద పెట్టిన.
లోపల ఒక్క బిందె నిండెటాల్లకు
బయట రెండు నిండి, మూడోది సగమైంది.
సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు,
మల్ల పెట్టుకొని బిందెల దిక్కే చూసిండు.
రోజు విడిచి రోజు నల్లా వచ్చే సందుల
మా అందరికంటె ఎక్కువ తాగేది మోరీయే.

చిక్కు అప్పుడొచ్చింది నాకు:
మరి ఈ నీళ్లేం చెయ్యాలె?
ట్రైనింగుల ఆ పేజీ లేకుండె.
చెట్లకు పొయ్యుండ్రి అందామని నోరు తెరిచిన.

వెనుక గచ్చు మీద అంట్లు తోముతున్న ఈదమ్మ
తల తిప్పలే.
తిప్పలేదు. మెడ తిరగదు ఆమెకు.
మర్రిగూడ దిక్కు పుట్టిన మనిషి,
చిన్నప్పటి బాయి ఇంకా ఆమె నడుములనే ఉన్నది.
చేతుల గంజుతోటే మాట్లాడినట్లు అన్నది:

"వంకాయ చెట్టుకొద్దు బిడ్డ. గొంతుకు అసలే వద్దు.
వడగట్టంగ మిగిలిన ఇసమంత గండ్లనే ఉంటది.
పాయఖాన కడుగు, బండి కడుగు, గచ్చు కడుగు.
గచ్చుకు బొక్కలుండవు గద."

సారు భార్య పాత డ్రమ్ము దొర్లించుకొచ్చింది.
నేను రిజిస్టరు తెరిచిన,
ఈదమ్మ మాటకు దాంట్ల గడి లేదు.
అంచు మీద, అడ్డంగ, సన్నగ రాసిన.

నెల తిరిగే సరికి మా సందుల పదకొండు డ్రమ్ములు.
ఒకాయన కాలివేలు తగిలిందని
పైపు మల్ల మోరీలకే మలిపిండు.
ఇంకొకామె నీళ్లు పట్టింది గని
డ్రమ్ము మీద మూత మరిచింది, దోమలు పెట్టినయ్.
ఆ తిట్లు నాకే.

ఈదమ్మకు ఫిల్టరు లేదు.
మలుపు కాడి ప్లాంటుల క్యాను కొనుక్కుంటది.
ఆ ప్లాంటు వెనుక పైపు నా మణికట్టంత లావుంది.
ఓనరు రేపు రమ్మన్నడు.
నాలుగు రేపులైనయ్.

ఇంటికొచ్చి గిన్నె కడుగుతుంటె చూసిన,
మా పైపు సుత మోరీలనే ఉన్నది.
ఏడేండ్ల నుంచి.
ఎవ్వలకూ చెప్పకుండ కింద బకీటు పెట్టిన,
ఆకుపచ్చది.

రాత్రంత నిద్ర పట్టలే.
బకీట్ల ఒక్కొక్క చుక్క పడుతుంటె
ఇల్లంత వినబడుతున్నది.
మోరీల పడ్డన్నాళ్లు
ఇంత సప్పుడు లేకుండె.