కారణములు, ఫలితములు

హెచ్.ఇ.సి.లో మేం తొమ్మిది మందిమి.
పక్క గదిలో ఎంపీసీ వాళ్లు
కిటికీల్లోంచి కూడా పొంగిపోతుంటారు.
మా బెంచీల మీద
మనిషికీ మనిషికీ మధ్య ఒక శతాబ్దం పడుతుంది.

"లెక్కలు రావా అమ్మాయ్?" అని
పంటు టికెట్లు చింపే సత్తిరాజు
రోజూ అడుగుతాడు.
చిల్లర ఎప్పుడూ సరిగ్గా ఇవ్వని మనిషి.

సఖినేటిపల్లిలో ఎక్కితే
నరసాపురం ఒడ్డు తగిలేలోపు
ఫ్రెంచి విప్లవం అయిపోతుంది.
పోటు ఎదురొచ్చిన రోజు
రష్యా దాకా కూడా వెళ్లొచ్చు.
నా పక్కన మోటారు సైకిళ్లు, కొబ్బరి గెలలు,
కాళ్లు కట్టేసిన కోళ్ల జత.
రాజుగారి తల తెగిన పేజీ
వాటికి కనపడకుండా తిప్పేశాను.

నల్లి సలోమి మేడం
చాక్‌పీసు విరిచి సగం దాచుకుంటారు.
"పారిశ్రామిక విప్లవం. పది మార్కులు. ఈసారి తప్పదు.
కారణములు ఎనిమిది, ఫలితములు ఆరు.
హెడ్డింగు కింద గీత కొట్టండి,
దిద్దేవాళ్లకి ఓపికుండదు."
కొట్టాం.
ఎగిరే నాడె, ఆవిరి, బొగ్గు, వలసలు.
ఆరో ఫలితం:
'చేతిపనివారు జీవనోపాధి కోల్పోయిరి.'
ఒక్క వాక్యం. చుక్క.
ఆ చుక్క మీదే నా పెన్ను
కాసేపు సిరా కక్కింది.

మేడం చూశారు.
"పుస్తకాలు మూయండి. పంటు దిగొచ్చేదెవరు?"
చెయ్యెత్తాను.
"రోజూ తొక్కొచ్చే రేవు పేరేంటి?"
"మాధవాయిపాలెం అండి."
అక్కడ నేసిన గుడ్డ ఓడెక్కి వెళ్తే
తెల్లవాళ్ల నోట్లో ఆ పేరు తిరగలేదట.
మాడపొల్లాం అన్నారట, గుడ్డనీ, ఊరినీ.
ఊరిని కొంత గోదారి కోసుకుపోయింది.
గుడ్డ మాత్రం ఇంకా నిఘంటువులో
ఉతికి ఆరేసినట్టుంది.

గది నిశ్శబ్దమైంది,
పక్కన ఎవరో త్రికోణమితి అరుస్తున్నా.
"ఇది సిలబస్‌లో లేదు," అన్నారు మేడం.
"రాయకండి. మార్కులు పోతాయి."

సాయంత్రం పంటు మీద
నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాను.
మగ్గం గుంటలో గోదారి ఎలా దూరి ఉంటుంది?
ముందు పాదాలా, ముందు దారమా?
సత్తిరాజు వచ్చి టికెట్ చింపి,
"ఇక్కడ ఓడలు కట్టేవోరంట, మా తాత చెప్పేవోడు.
మీ బుక్కులో ఉంటదా అది?"
"లేదండి."
"మరేం చదూతున్నట్టు?"
మూడు రూపాయలు తక్కువిచ్చి పోయాడు.

ఇంట్లో అమ్మ లేసు అల్లుతోంది.
సూది కొక్కెం లోపలికి, బయటికి,
దీపం కిందికి జరిగిన మెడ.
ఎవరో దొరసాని నేర్పిన పని,
అమ్మమ్మ వాళ్లమ్మకి.
"ఎక్కడికెళ్తాయమ్మా ఇవి?"
"ఓడెక్కుతాయి."
"ఆ తర్వాత?"
"ఆ తర్వాత మనకెందుకే,
వెలుగుకి అడ్డం లే."
కమీషను మనిషి ఆదివారం వస్తాడు.
పువ్వులు లెక్కపెడతాడు. వేళ్లు లెక్కపెట్టడు.
మిషను లేసు చవకైపోయిందని
పోయినేడు రేటు తగ్గించాడు.
చేతిపనివారు, అనుకున్నాను.
'కోల్పోయిరి' అనడానికి ఇంకా టైముందేమో.

మార్చిలో ప్రశ్న వచ్చింది,
మేడం చెప్పిన ప్రశ్నే.
ఎనిమిది కారణాలు రాశాను.
ఆరు ఫలితాలు రాశాను.
స్కేలు పెట్టి గీతలు కొట్టాను.
ఇంకా పది నిమిషాలున్నాయి.
కింద ఏడు వేసి,
మాధవాయిపాలెం అని రాసి,
ఆ తర్వాత ఏం రాయాలో తెలీక
కాసేపు నా చేతినే చూసుకున్నాను.
బెల్లు కొట్టేలోపు
మార్కులు గుర్తొచ్చి కొట్టేశాను.

ఒక్క గీతతోనే కొట్టాను.
చదవాలనుకుంటే
చదవొచ్చు.