పొలుసు

లుబెక్‌లో రాత్రి రెండింటికి కూత వినపడితే
అది రైలు కాదు.
ఫ్యాక్టరీ. పడవ వచ్చిందని, చేప ఆగదని.
మా పిన్ని ఆర్విల్లా దుప్పటి తన్నేసి లేచి
చీకట్లోనే వేళ్ళకు పట్టీలు చుట్టుకునేది,
ఒక్కో వేలికి ఒక్కో చుట్టు, బొటనవేలికి రెండు.
కత్తెర అప్రాన్ జేబులో.
పొగమంచులోంచి ఆడవాళ్ళ మాటలు ముందు వచ్చేవి,
మనుషులు తర్వాత.

తల ఒక కత్తిరింపు, తోక ఒకటి,
పక్కపక్కన డబ్బాలో పడుకోబెట్టడం. అంతే పని.
ఎన్ని డబ్బాలైతే అంత కూలి.
ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరికి నెల తప్పిందో
అన్నీ ఆ బల్ల దగ్గరే తేలేవి.
మధ్యలో ఎవరి వేలైనా తెగితే
అయొడిన్ సీసా చేతులు మారేది,
మాట మారేది కాదు.

చేప డబ్బాకి. తలకాయలు పీతల బోనుల్లో ఎరకి.
పొలుసు సంగతి మాత్రం వేరు.
దానికి వేరే పడవ, వేరే బుట్ట, వేరే బేరం.
పెద్ద పడవ పక్కన చిన్నది ఆనించి
ఎల్డన్ కాచుకుని ఉండేవాడు.
గొట్టంలో హెర్రింగులు హోరున పోతుంటే
రాలిన వెండిని పారతో ఎత్తుకునేవాడు.
మోకాళ్ళ దాకా మెరిసేవాడు.
ఏం చేస్తారు దీన్ని అని అడిగితే
"ఈస్ట్‌పోర్ట్‌లో కడుగుతారు" అనేవాడు.
అంతకన్నా అతనికీ తెలియదు.

శనివారం డ్యాన్సు.
చేతులకి నిమ్మకాయ, ఆ పైన వెనిగర్, ఆ పైన ఆవపొడి,
ఆ పైన దేవుడి మీద భారం.
అయినా హాలు గుమ్మం దాకా
రెండు పిల్లులు భక్తిగా వెంట వచ్చేవి.
ఒక రాత్రి పైఊరి పెద్దమనిషొకడు
అడుగు తప్పి ఆగి
"మీ కనుబొమ్మ పక్కన ఆ తళుకేమిటి?" అన్నాడట.
తడుముకుంటే పొలుసు.
గోటితో గీరితే పోయేది. గీరలేదు.
"పారిస్ నుంచి తెప్పించాను" అంది పిన్ని.
ఆయన నమ్మాడు.
గోడకానుకుని ఉన్న ఎల్డన్
నవ్వాపుకోలేక దగ్గాడు.
పెళ్ళి ఎవరితో జరిగిందని అడక్కండి,
దగ్గినవాడితోనే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, క్రిస్మస్ ముందు,
నన్ను తీసుకుని బాంగర్ వెళ్ళింది.
అద్దాల దుకాణం. కౌంటర్ వెనక పిల్ల
పిన్నిని చూసి ముక్కుతో ఒక అడుగు వెనక్కి వేసింది,
కాళ్ళు మాత్రం మర్యాదగా అక్కడే ఉంచింది.
తర్వాత ఒక లిప్‌స్టిక్ మూత తీసి
"ముత్యం మెరుపండీ, కొత్తగా వచ్చింది,
దీపం కింద చూడండి" అంది.

చూసింది.
అటు తిప్పి, ఇటు తిప్పి,
చేప నిన్నటిదో ఇవాళ్టిదో తేల్చే కళ్ళతో చూసింది.
తర్వాత వాసన చూసింది.
గులాబీ.

"వాసన కడిగేశారే," అంది నా చెవిలో,
"మెరుపు ఉంచుకున్నారు.
పదిహేనేళ్ళుగా మేమూ అదే చూస్తున్నాం,
కుదిరి చావడం లేదు."

ధర అడిగింది. పెదవులు కదిలిస్తూ లెక్క వేసింది,
డాలర్లు కాదు, డబ్బాలు.
పెట్టేస్తుందనుకున్నాను.
కొంది.
కాగితంలో చుట్టబోతే వద్దని
అక్కడి అద్దంలోనే పూసుకుంది,
కోతలు పడ్డ వేళ్ళతో, గీత దాటకుండా.
"మీకు బాగా నప్పింది" అంది పిల్ల.
"నప్పకేం, పాత పరిచయం."

తిరుగు బస్సులో ఆకలేసింది.
సంచిలోంచి ఒక డబ్బా తీసి, తాళంచెవితో రేకు చుట్టి,
రొట్టె మీద చేపను పరిచి
ఒక కొరుకు తను కొరికి నాకిచ్చింది.
రొట్టె అంచున ఎర్రగా ఏదో మెరిసింది,
చేపదో, పెదవిదో.
నేను అడగలేదు.
కిటికీ బయట మంచు మొదలైంది,
ఇంకా రెండు గంటల దారి ఉంది,
తినేశాను.