చెప్పను

కుతాయిసిలో రొట్టెను పూరి అంటారు,
నూనె మొహం ఎరగని పూరి.
త్సియాలా తెల్లవారకముందే
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగి
లోపలి గోడకు పిండిని చరిచి అతికిస్తుంది.
మొదటి రొట్టెకు ఫోటో తీసి ఫోన్‌లో పెడుతుంది.
ఆ వీధికి కోడికూత అదే.

ఆ మంగళవారం
వీధి ఆమెకంటే ముందు లేచింది.
"ఏ ఆస్పత్రి? ఎంత పంపమంటావు?"
వరసగా నలుగురు.
మోచేతులదాకా పిండితో, దుక్కలా నిలబడి
వింది,
తన పేరుతో, తన ఫోటోతో
తాను ఎవరెవర్ని అప్పడిగిందో.

అంతకు రెండ్రోజుల ముందు ఓ సందేశం:
మీ ఖాతా మూసేస్తున్నాం, ఆపాలంటే ఇక్కడ నొక్కండి.
నొక్కింది.
గుమ్మం అదే, రంగు అదే,
పాస్‌వర్డ్ అడిగే గడీ అదే.
పైన చిరునామాలో మాత్రం
ఓ అక్షరం కూర్చోవాల్సిన చోట
సున్నా కూర్చుంది.
పిండిలో ఇసకరేణువును వేళ్లతో పట్టేసే మనిషి
కళ్లతో దాన్ని పట్టలేకపోయింది.

మెట్లకింద ఉషాంగి కొట్టు,
పగిలిన తెరలు, విప్పిన బ్యాటరీలు.
అతను తిట్టలేదు.
ఆ పని ఆమే చేసుకుంటోంది కదా.
"పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అన్న చోట నొక్కాడు.
"మర్చిపోలేదు, దొంగిలించారు"
అంది త్సియాలా, ఫోన్‌తో.
ఆ మాటకు అక్కడ మీట లేదు.

నలభై ఏడుతో ముగిసే నంబరుకి కోడ్ పంపామంది తెర.
ఆ ఫోన్ రియోని నదిలో పడి రెండేళ్లు.
ఖాతాలో నంబరు మార్చాలి, మార్చాలి
అనుకుంటూనే రెండేళ్లు.
ఆ నంబరు ఈలోగా ఎవరికో పుట్టి
ఎక్కడో పెరుగుతోంది.

ఫోన్ చేశారు.
ఓనిలో, కొండల మధ్య, లమారా ఎత్తింది.
వెనక తేనెటీగలో, టీవీయో, ఏదో ఝుమ్మంటోంది.

"ఆరంకెలు వచ్చాయి కదమ్మా, చెప్పు."
"చెప్పను."
"అవి నావి."
"కావచ్చు. ఎవరికీ చెప్పొద్దని వాటి కిందే రాసుంది."
త్సియాలా బతిమాలింది,
గొంతు పెంచింది,
తల్లి మీద ఒట్టేసింది,
ఏడాది పొడుగునా రొట్టెలు పంపుతానంది.
"నిన్న ఒకడు చేశాడు" అంది లమారా,
"తేనె పూసిన గొంతు.
త్సియాలా తమ్ముణ్ణి అన్నాడు.
వాడికీ చెప్పలేదు."

కొట్టులో ఫ్యాను తిరుగుతోంది.
త్సియాలాకు తమ్ముడు లేడు.

ఇక మిగిలింది పెద్ద దారే, నత్తనడక దారి.
గుర్తింపు కార్డు. ముఖం కుడికి. ముఖం ఎడమకి.
కనుబొమ మీద పిండి తుడుచుకో, మళ్లీ.
మూడు రోజులు ఆగండి.

ఆ మూడు రోజులూ రొట్టెల గంప పైన అట్టముక్క:
"నేను బాగున్నాను. డబ్బడిగింది నేను కాదు."
రొట్టె కొన్నవాళ్లు ఆ అట్టనే ఫోటో తీసి
ఇంకొకరికి పంపారు.

శుక్రవారం తలుపు తెరుచుకుంది.
ఎక్కడిదో ఓ కంప్యూటరు
ఇంకా లోపలే కాళ్లు చాపుకుని ఉంది.
ముందు దాన్ని గెంటించాడు ఉషాంగి.
నలభై ఏడును చెరిపించి, చేతిలో ఉన్న నంబరు చేర్పించి,
రెండో తాళం వేయించాడు.
కొత్త పాస్‌వర్డ్ ఆమె కొడుతున్నంతసేపూ
గోడవైపు తిరిగి నిలబడ్డాడు.
పెద్దదే అయ్యుంటుంది,
చాలాసేపు కొట్టింది,
మధ్యలో ఒక్కసారి తనలో తాను నవ్వుకుంది.
ఎందుకో ఈ కవితకూ తెలీదు.

ఆదివారం ఓని వెళ్లే వ్యానులో
గుడ్డలో చుట్టిన ఎనిమిది రొట్టెలు వెళ్లాయి.
పొద్దుగూకాక నలభై ఏడు నుంచి జవాబు:
"అందాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.
పంపింది నువ్వేనని
నమ్మడం ఎలా?"